మీ ప్రసంగాన్ని ఎంతమంది విన్నారు?

వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పేవారు, పరిశోధన స్థానాల్లో పనిచేసేవారు, విస్తరణ ఉద్యోగాల్లో ఉన్నవారు ఏడాదికి నాలుగైదుసార్లయినా వేదిక ఎక్కక తప్పదు. అశ్వారావుపేటలో ఆ అవసరం ఇంకాస్త ఎక్కువ. ఊళ్లో వ్యవసాయ కళాశాల, ఉద్యాన పరిశోధన స్థానం, ఆయిల్‌ఫెడ్ పామాయిల్ ఫ్యాక్టరీ ఉన్నాయి. సరిహద్దు దాటి ఏలూరు వైపు వెళితే పెదవేగిలో భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. జాతీయ సదస్సులో పది నిమిషాలు, కిసాన్ మేళాలో అరగంట, రైతు వేదికలో గంట మాట్లాడి దిగేసరికి చేతిలో శాలువా, జ్ఞాపిక, సర్టిఫికెట్ ఉంటాయి. ఫోన్‌లో ఫొటోలు ఉంటాయి. పదోన్నతి దరఖాస్తులో ఎన్ని పత్రాలు సమర్పించారో రాయడానికి గడి ఉంటుంది, ఎంతమంది విన్నారో రాయడానికి ఉండదు. అందుకే ఆ లెక్క ఎవరూ పెట్టరు. మీరు పెట్టుకోండి. ఒక కాగితం, ఒక పెన్ను, వెనక వరుసలో కూర్చునే ఒక స్నేహితుడు ఉంటే చాలు. ఆ కాగితం మీ తర్వాతి ప్రసంగాన్ని మార్చినంతగా ఏ శిక్షణ తరగతీ మార్చలేదని నా నమ్మకం.

ముందుగా చప్పట్ల సంగతి. అవి మర్యాద కోసం కొట్టేవి. సభాధ్యక్షుడు లేచి కృతజ్ఞతలు చెప్పగానే, విన్నవారూ విననివారూ అంతా కొడతారు. మొదటి రెండు వరుసల్లో అతిథులు, శాఖాధిపతులు, వారి వెంట వచ్చినవారు కూర్చుంటారు. వారు నిటారుగా కూర్చుని తల ఊపడం వారి హోదాకు సంబంధించిన విషయం. వేదిక మీదినుంచి మీకు స్పష్టంగా కనిపించే ముఖాలు అవే కాబట్టి, వాటిని చూసి ప్రసంగం బ్రహ్మాండంగా సాగిందనుకుంటారు. కథ చెప్పే అమ్మమ్మ ఇంతకన్నా మంచి కొలత పెట్టుకునేది. పిల్లలు ఊఁ కొడుతున్నంతసేపే చెప్పేది, ఊఁ ఆగిందంటే ఆపేసేది. మనకు కావలసింది అలాంటి గుర్తే. మాట సాగుతుండగానే, ఏ నిమిషంలో వినడం ఆగిందో తెలియాలి.

దీన్ని అంకెల్లో పెట్టినవారిలో తొలివాడు ఫ్రాన్సిస్ గాల్టన్. ఆయన జాతి సిద్ధాంతాలు మనకు అక్కర్లేదు కానీ, 1885 జూన్‌లో నేచర్ పత్రికలో రాసిన ఒక చిన్న వ్యాసం మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఒక సభలో ఎవరో విసుగు పుట్టించే పత్రం చదువుతుంటే, గాల్టన్ వెనక కూర్చుని జనం కదలికలను లెక్కపెట్టాడు. గడియారం తీసి చూస్తే పక్కవాళ్ల దృష్టి పడుతుందని తన ఊపిరినే కొలతగా వాడుకున్నాడు. నిమిషానికి తనకు 15 శ్వాసలని ముందే తెలుసు. హాల్లో సుమారు 50 మంది కూర్చున్న ఒక భాగాన్ని ఎంచుకుని చూస్తే, నిమిషానికి దాదాపు 45 కదలికలు కనిపించాయి. అంటే ఇంచుమించు మనిషికి ఒకటి. వినేవారిలో ఆసక్తి పుట్టినప్పుడు ఆ సంఖ్య సగానికన్నా తగ్గిపోయేది. ఆసక్తిగా వినేవారు నిటారుగా, కదలకుండా ఉంటారనీ, విసుగొచ్చినవారి తలలు తలో కోణంలో వాలిపోతాయనీ కూడా ఆయన రాశాడు.

ఇందులో మనం తీసుకోవలసిన కిటుకు రెండు మాటల్లో ఉంది. హాలంతా చూడొద్దు, ఒక ముక్క చూడండి. ముఖాలు చదవొద్దు, లెక్కపెట్టగలిగినదాన్నే లెక్కపెట్టండి.

పని ఇలా చేయండి. మీ తోటి అధ్యాపకుడినో, ఒక పీజీ విద్యార్థినో ముందే అడిగి పెట్టుకోండి. అతను హాలు పక్కన, మూడొంతులు వెనక్కి, గోడ వారగా కూర్చోవాలి. మధ్య వరుసల్లో 20 మంది ఉన్న ముక్కను ఎంచుకోవాలి. ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి ఆ 20 మందిలో ఎన్ని తలలు వేదిక వైపో తెర వైపో ఉన్నాయో లెక్కపెట్టి, ఆ క్షణంలో తెర మీద ఉన్న స్లైడు నంబరు పక్కన రాయాలి. రెండో గడిలో, స్లైడును ఫొటో తీయడానికి పైకి లేచిన ఫోన్లు ఎన్నో రాయాలి. అంతకుమించి అప్పగిస్తే అతను దేన్నీ సరిగ్గా చూడలేడు. స్లైడులకు నంబర్లు వేయడం మాత్రం మరిచిపోవద్దు. నంబరు లేకపోతే కాగితం చేతికొచ్చినా ఏ అంకె ఏ మాటకు సంబంధించిందో తేలదు.

ఉదాహరణకు, ఆయిల్‌పామ్‌లో సర్పిలాకార తెల్లదోమ మీద మీరు పది నిమిషాలు మాట్లాడారనుకుందాం. కాగితం ఇలా వచ్చిందనుకోండి: రెండో నిమిషంలో 20కి 17 తలలు, నాలుగో నిమిషంలో, పూర్వ పరిశోధనల స్లైడు దగ్గర 11, ఆరో నిమిషంలో, పన్నెండు నిలువు వరుసల పట్టిక దగ్గర 8. ఎనిమిదో నిమిషంలో ఆకు అడుగున తెల్లటి వలయాల ఫొటో, పక్కనే ఇసారియా శిలీంధ్రం సోకి చచ్చిన దోమ ఫొటో పడగానే 18 తలలు, తొమ్మిది ఫోన్లు లేచాయి. ముగింపు స్లైడుకు మళ్లీ 12. ఇక మీకు వేరే సలహా అక్కర్లేదు. ఆ ఆకు ఫొటో ఒకటో నిమిషంలోకి రావాలి. పన్నెండు వరుసల పట్టిక రెండు అంకెలకు కుదించుకోవాలి. మిగతాది పత్రంలో ఉంటుంది, చదివేవారు చదువుకుంటారు.

లేచిన ఫోన్‌ను, వంగిన తలను ఒకటిగా చూడొద్దు. తెర మీదికి గురిపెట్టిన ఫోన్ అంటే ఆ స్లైడును ఇంటికి తీసుకెళ్లాలనుకున్నారని అర్థం. ఒళ్లో పెట్టుకున్న ఫోన్‌తో నోట్సు రాసుకుంటున్నారో, వాట్సాప్ చూస్తున్నారో మీ పరిశీలకుడికి తెలియదు. తెలియనిదాన్ని ఊహించి రాయొద్దని అతనికి ముందే చెప్పండి. ఇంకొక మెలిక ఉంది. అక్షరాలు చిన్నవైపోయి చదవలేక కూడా జనం ఫొటో తీసుకుంటారు. ఫోన్లు లేచిన స్లైడును వెనక వరుస నుంచి ఒకసారి చదివి చూసుకుంటే ఏ కారణమో తెలిసిపోతుంది.

లేచి వెళ్లినవారిని లెక్కపెట్టడం సులువే కానీ, ఈ ప్రాంతంలో ఆ లెక్కను తొందరపడి నమ్మకూడదు. ఆయిల్‌పామ్ గెలలు కోసిన 24 గంటల్లోపే మరకు చేరాలి, ఆలస్యమైతే నూనె నాణ్యత పడిపోతుంది. ట్రాక్టరు ఫ్యాక్టరీ గేటు దగ్గర వరుసలో ఉన్న రైతు మీ మాట ఎంత బాగున్నా కూర్చోలేడు. సాయంత్రం బస్సు తప్పితే భద్రాచలం వైపు వెళ్లాల్సినవారు చిక్కుకుపోతారు. అందుకే తలుపు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ విద్యార్థి చేత వెళ్లేవారిని ఒక్క మాట అడిగించండి: ‘ఏం సార్, పనుందా?’ ఏ జవాబొచ్చినా రాసుకోమనండి. దానికన్నా విలువైన అంకె మరొకటి ఉంది. సమాంతర సమావేశాలు జరిగే సదస్సులో, పక్క హాల్లోంచి లేచి మీ హాల్లోకి వచ్చినవారి సంఖ్య అది. మర్యాద కోసం ఎవరూ హాలు మారరు.

హాలు ప్రభావాన్ని మీ ప్రసంగం ఖాతాలో వేసుకోవద్దు. శాస్త్ర ఉపన్యాసాల్లో కునికిపాట్లు పడినవారిని లెక్కపెట్టి, కెనడా వైద్య సంఘం పత్రికలో 2004లో కొందరు వైద్యులు ఒక వ్యాసం రాశారు. సరదా ధోరణిలో రాసినదే అయినా వారు చూపిన కారణాలు ప్రతి హాల్లోనూ కనిపించేవే: మసక వెలుతురు, వెచ్చటి గది, మెత్తటి కుర్చీలు, చదవలేని స్లైడులు, ఒకే స్థాయిలో సాగే గొంతు. వేసవిలో అశ్వారావుపేటలో భోజనం తర్వాత రెండున్నరకు మాట్లాడాల్సి వస్తే మొదటి మూడూ మీ ప్రమేయం లేకుండానే ఉంటాయి. తెర దగ్గరి లైట్లు మాత్రమే ఆపి, జనం మీదివి వెలిగించి ఉంచమని నిర్వాహకులను అడగండి. అది పెద్ద కోరికేమీ కాదు. మీ కాగితాలను పోల్చేటప్పుడు కూడా ఉదయం పదకొండు గంటల ప్రసంగాన్ని ఉదయానిదానితోనే, మధ్యాహ్నానిదాన్ని మధ్యాహ్నానిదానితోనే పోల్చండి.

సమయం గురించి ఒక అంకె గుర్తుపెట్టుకోండి. రాబర్ట్ యూవర్స్ అనే పర్యావరణ శాస్త్రవేత్త ఒక సదస్సులో 50 ప్రసంగాలు విని, 2018లో నేచర్ పత్రికలో ఒక లేఖ రాశాడు. ఒక్కొక్కరికి ఇచ్చిన సమయం 12 నిమిషాలు. ప్రసంగం విసుగ్గా ఉందా లేదా అన్నది నాలుగో నిమిషానికే తేల్చి రాసుకున్నాడు, ఎవరు సమయం మీరతారో తెలియకముందే. ఆసక్తికరమైన 34 ప్రసంగాలు సగటున 11 నిమిషాల 42 సెకన్లలో ముగిశాయి. విసుగు పుట్టించిన 16 మాత్రం 13 నిమిషాల 12 సెకన్లు సాగాయి. ఒక మనిషి అభిప్రాయం మీద ఆధారపడిన లెక్కే అయినా, సభాధ్యక్షుడి బల్ల మీది గంట మోగినా ఆగని ప్రసంగాలు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. మీ కాగితం మీద మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం తప్పకుండా ఉండాలి.

ఇక ప్రశ్నల సంగతి. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇక్కడే ఉంది, అన్నిటికన్నా తప్పుగా చదివేదీ ఇక్కడే. ప్రశ్నలు ఎన్ని వచ్చాయన్నది ముఖ్యం కాదు, ఎలాంటివి వచ్చాయన్నది ముఖ్యం. ‘ఆ అంకె మళ్లీ చెప్పండి’ అన్నారంటే విన్నారు కానీ మీరు స్పష్టంగా చెప్పలేదు. తన పరిశోధన గురించి మూడు నిమిషాలు మాట్లాడి చివర్లో ‘దీనిపై మీ అభిప్రాయం?’ అన్నవారు మిమ్మల్ని విన్నారని చెప్పలేం. సభాధ్యక్షుడు నిశ్శబ్దం భరించలేక అడిగిన ప్రశ్నను అసలు లెక్కలోకే తీసుకోవద్దు. ‘మా తోటకు డ్రిప్ లేదు, పాదుల్లోనే నీళ్లు పెడతాం, మరి ఈ పొటాష్ మోతాదు మాకూ అంతేనా?’ అని ఎవరైనా అడిగితే మాత్రం ఆ ప్రశ్నను అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. అడిగినాయన మీ మాటను తన పొలం దాకా తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టి చూశాడన్నమాట. సదస్సులోనైతే ‘మా కేంద్రంలో ఇదే రకంతో వేరే ఫలితం వచ్చింది’ అన్నవారు ఆ కోవలోకి వస్తారు. అలాంటివి రెండు వచ్చినా ఆ ప్రసంగం ఫలించినట్టే.

ఎవరు అడగలేదన్నది కూడా చూడాలి. 2018లో ప్లాస్ వన్ పత్రికలో అలీసియా కార్టర్, ఆమె సహ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. 10 దేశాల్లోని 35 విద్యాసంస్థల్లో 247 సెమినార్లను గమనించారు. హాల్లో స్త్రీలు, పురుషులు ఇంచుమించు సమానంగా ఉన్నా, స్త్రీలు ప్రశ్న అడిగే అవకాశం పురుషులతో పోలిస్తే రెండున్నర రెట్లు తక్కువగా కనిపించింది. మొదటి ప్రశ్న పురుషుడు అడిగిన చోట ఆ తేడా మరింత పెరిగింది. ఆసక్తి లేక కాదు, ధైర్యం చాలక అడగలేదని చాలామంది స్త్రీలు చెప్పారు. మన హాళ్లలో దీనికి వయసు, హోదా, ఇంగ్లీషు కూడా తోడవుతాయి. మూడో సంవత్సరం చదివే అమ్మాయి డీన్ ముందు లేచి ఇంగ్లీషులో అడగాలంటే ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. కాబట్టి సభాధ్యక్షుడితో ముందే మాట్లాడి, మొదటి మైకు వెనక వరుసకు, వీలైతే ఒక విద్యార్థినికి ఇమ్మనండి. ‘తెలుగులో అడగండి, నేను తెలుగులోనే చెబుతాను’ అని మీరే అనండి. చీటీల మీద రాసిచ్చే ప్రశ్నలకు ఒక డబ్బా పెట్టండి. అలా చేసినరోజు వచ్చిన ప్రశ్నల్ని, చేయనిరోజువాటిని పక్కపక్కన పెట్టి చూసుకోండి.

చివర్లో పంచే అభిప్రాయ ఫారాల్ని ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడానికి 1970లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం చాలు. మైకేల్ ఫాక్స్ అనే నటుడికి ‘డాక్టర్ మైరన్ ఫాక్స్’ అని పేరు పెట్టి, గొప్ప అర్హతలు తగిలించి, వైద్య విద్యావేత్తల ముందు గేమ్ థియరీ మీద ఉపన్యాసం ఇప్పించారు. చెప్పినదంతా ఒకదానికొకటి పొసగని మాటలే. కానీ హుషారుగా, హాస్యంగా చెప్పాడు. విన్నవారు ఫారాల్లో మంచి మార్కులు వేశారు. ఆ ఫలితాలు 1973లో వెలువడ్డాయి. ‘ఉపన్యాసం ఎలా ఉంది? బాగుంది, చాలా బాగుంది, అద్భుతం’ అని అడిగే ఫారం మీ గొంతును కొలుస్తుంది, మీ మాటను కాదు. ఫారం పెట్టదలిస్తే రెండే ప్రశ్నలు పెట్టండి. విన్నదాంట్లో మీరు చేయబోయే పని ఒకటి రాయండి. అర్థం కానిది ఒకటి రాయండి. మొదటిదానికి ఎంతమంది ఖాళీ వదిలారో చూడండి, ఎందుకంటే ఖాళీ కాగితం మొహమాటపడదు.

ఊరి సభలో ఫారం అసలు పనికిరాదు. ఇక్కడి మండలాల్లో కోయ, కొండరెడ్డి గూడేలున్నాయి. అందరూ రాయలేరు, రాయగలిగినవారు కూడా అధికారి ముందు బాగోలేదని రాయరు. గ్రామీణ భాగస్వామ్య అధ్యయనాల్లో గింజలు పోయించి ప్రాధాన్యాలు తెలుసుకునే పద్ధతి చాలాకాలంగా ఉంది. దాన్నే వాడండి. మీరు మూడు విషయాలు చెప్పారనుకుందాం: అంతర పంటగా కోకో, ఎరువుల మోతాదు, తెల్లదోమ. మూడు డబ్బాల మీద మూడు బొమ్మలు అతికించి, వెళ్లేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో రెండు చింతపిక్కలు పెట్టండి. మళ్లీ వినాలనుకున్నదాంట్లో వేయమనండి. డబ్బాలకు మూతలుండాలి, మూతకు సన్నటి రంధ్రం ఉండాలి. బల్ల మనుషుల కంటపడని చోట, గోడ చాటున ఉండాలి. పక్కన విస్తరణ అధికారి నిలబడకూడదు. ఇవి పాటించకపోతే అన్ని పిక్కలూ ఒకే డబ్బాలో పడతాయి. కోయ మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న సభలో వేరొకరు అనువదిస్తుంటే, నవ్వూ తల ఊపడమూ ఒక వాక్యం ఆలస్యంగా వస్తాయి. మీ పరిశీలకుడు ఆ ఆలస్యాన్ని కలుపుకుని రాయాలి. ఆ భాష తెలిసినవాడైతే మరీ మంచిది.

వీడియో ద్వారా మాట్లాడేవారి ఇబ్బంది వేరు. తెలంగాణలో దాదాపు ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టరు చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. 2024 మార్చి నుంచి రైతునేస్తం పేరుతో వాటిలో వీడియో కాన్ఫరెన్సులు మొదలయ్యాయి. రాజేంద్రనగర్‌లో కెమెరా ముందు కూర్చున్న శాస్త్రవేత్తకు వేదికలోని వెనక వరుస కనబడదు. అవతలి చివర ఉన్న వ్యవసాయ విస్తరణ అధికారే (ఏఈవో) అతని కళ్లు. ఆ ఏఈవో పంపే హాజరు పట్టికలో పేర్లు ఉంటాయి కానీ ఏ మాట దగ్గర జనం ముందుకు వంగారో ఉండదు. ‘అరగంటలో ఎక్కడ జనం మాట్లాడుకోవడం ఆపారు?’ అన్న ఒక్క ప్రశ్నకు ఫోన్‌లో జవాబు తెప్పించుకున్నా మీ పని అయినట్టే.

అసలు లెక్క హాల్లో ముగియదు. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ అనుభవం ఇక్కడ చూడదగ్గది. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో మొదలైన ఆ ప్రయత్నం తర్వాత ఆంధ్రప్రదేశ్‌తో సహా చాలా రాష్ట్రాలకు విస్తరించింది. ఊళ్లో రైతులు చేసే పనినే వీడియో తీసి, చిన్న గుంపులకు చూపించేవారు. ఎవరు వచ్చారు, ఎవరు ఏ ప్రశ్న అడిగారు, ఎవరు ఆసక్తి చూపారు, తర్వాత పొలంలో ఎవరు ఆ పద్ధతి పాటించారు అన్నది మనిషి మనిషికీ నమోదు చేసేవారు. పాటించామని చెబితే సరిపోదు, ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి. అందువల్ల ఏ వీడియో జనాన్ని కూర్చోబెట్టింది, ఏది పొలానికి పంపింది అన్నది విడివిడిగా తెలిసేది. ఈ రెండూ ఎప్పుడూ ఒకటే కావు.

అంత పెద్ద ఏర్పాటు మీకు అక్కర్లేదు. సదస్సు అయిన వారంలోపు మీ పత్రం కావాలని ఎందరు అడిగారు, అదే విషయం మీద ఎవరైనా ఫోన్ చేశారా అన్నది రాసుకోండి. రైతు సభ అయితే పదిమంది నంబర్లు వారి అనుమతితో తీసుకుని, నెల తిరిగాక ఐదుగురికి ఫోన్ చేయండి. ‘నేను చెప్పింది చేశారా?’ అని అడగొద్దు, చేశామనే అంటారు. ‘ఈ నెల తోటలో ఏమేం పనులు చేశారు?’ అని అడిగి వినండి. మీరు చెప్పింది వారంతట వారే ప్రస్తావిస్తే ఒక గీత గీసుకోండి. అశ్వారావుపేట కళాశాలలో రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) కోసం ఊళ్లలో ఉండే విద్యార్థులకు ఈ పని అప్పగిస్తే వారికీ అది మంచి చదువే.

అంకెల విషయంలో ఒక జాగ్రత్త. మీ హాల్లో ఉన్నది 25 మంది అయితే శాతాలు వేయొద్దు. ‘72 శాతం ఆసక్తి’ అని నివేదికలో రాస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ ఇద్దరు మనుషులు అటూ ఇటూ అయితే ఆ అంకె ఎనిమిది మెట్లు కదులుతుంది. ‘25 మందిలో 18’ అని రాయండి, చదివేవారికి నిజం తెలుస్తుంది. రెండు ప్రసంగాల మధ్య చిన్న తేడాకు అర్థం వెతకొద్దు. నాలుగైదు కాగితాల్లో ఒకే రకం స్లైడు దగ్గర తలలు వంగితే అప్పుడు నమ్మండి.

ఎవరినీ వీడియో తీయొద్దు, ఎవరు నిద్రపోయారో పేర్లు రాయొద్దు. లెక్క ఎందుకు పెడుతున్నారో నిర్వాహకులకు చెప్పండి, ఎవరైనా అడిగితే దాచొద్దు. విద్యార్థుల తరగతిలోనైతే ఇది మరీ ముఖ్యం. ఆ కాగితం హాజరుకో, ఇంటర్నల్ మార్కులకో వాడతారన్న అనుమానం వచ్చిందంటే మరుసటి రోజు నుంచి అందరూ కళ్లు విప్పార్చి కూర్చుంటారు, మీకు మాత్రం ఏమీ తెలియదు.

మీకోసం వెనక వరుసలో కూర్చున్న సహోద్యోగికి మీరూ అదే పని చేసిపెట్టండి. ఇతరుల ప్రసంగంలో తలలు లెక్కపెట్టిన మనిషికి తన స్లైడుల్లో ఏది తీసేయాలో త్వరగా తెలుస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్లకముందే, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే, ఇద్దరూ టీ దగ్గర కూర్చుని కాగితాలు మార్చుకోండి. తలలు అన్నిటికన్నా తక్కువగా లేచిన స్లైడు నంబరు చుట్టూ ఎర్ర గీత గీసి, ఆ రాత్రే దాన్ని తెరిచి సరిచేయండి. మిగతా స్లైడులు వచ్చే సదస్సు దాకా ఆగినా ఫర్వాలేదు.